వేట నిషేధం ముగిశాక ఇంజిన్లు ఎందుకు మొరాయిస్తున్నాయి?

సంపాదకుల వారికి,

అయ్యా,

ఏటా ఏప్రిల్ 15న మొదలయ్యే 61 రోజుల వేట నిషేధం జూన్ 14తో ముగియగానే మా ఉప్పాడ తీరంలో ముందుగా వినిపించేది "ఇంజిన్ అందుకోవడం లేదు" అన్న మాటే. రెండు నెలలు అప్పులతో నెట్టుకొచ్చిన కుటుంబానికి తొలి వారం వేట ఎంత విలువైనదో తీరప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ వారాన్నే చాలామంది మరమ్మతు షెడ్ల ముందు పోగొట్టుకుంటున్నారు. ఇరవై ఏళ్లుగా ఫైబర్ బోట్ల ఔట్‌బోర్డ్ మోటార్లు (బోటు వెనుక బయట బిగించే ఇంజిన్లు) బాగుచేస్తున్నవాడిగా, ఈ నష్టంలో చాలా భాగాన్ని తప్పించుకోవచ్చునని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఆఖరి వేట నుంచి వచ్చిన ఇంజిన్ మీద పట్టా కప్పి వదిలేస్తాం. పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే కార్బురేటర్ గిన్నెలో మిగిలిన కొద్దిపాటి పెట్రోలు వేసవి ఎండకు ఆవిరైపోయి అడుగున జిగురు పేరుకుంటుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు అందించే, సూదిమొనంత ఉండే పైలట్ జెట్ రంధ్రం పూడిపోవడానికి ఆ జిగురు చాలు. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. గాలిలోని తేమను పీల్చుకోవడం ఇథనాల్ స్వభావం. సముద్రపు గాలి తగిలే చోట సగం ఖాళీగా ఉంచిన ట్యాంకులో ఆ తేమ హద్దు మీరితే, నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. ఇంజిన్‌కు ఇంధనం అందించే గొట్టం మూతి ఉండేది కూడా ఆ అడుగునే.

చోక్ (గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట) వేస్తే అందుకుని, తీయగానే ఆగిపోయే ఇంజిన్‌కు పెట్రోలు చాలడం లేదు, లేదా ఎక్కడి నుంచో అదనపు గాలి చొరబడుతోంది. నెమ్మదిగా బాగానే తిరుగుతూ రేసు పెంచగానే ఊపిరాడనట్టు కుంగిపోతే, వేగంగా తిరిగేటప్పుడు పెట్రోలు అందించే మెయిన్ జెట్‌నూ ఫిల్టర్‌నూ చూడాలి. కార్బురేటర్ నుంచి పెట్రోలు పొంగి కారుతుంటే, గిన్నె నిండగానే పెట్రోలును ఆపే ఫ్లోట్ సూది సరిగా కూర్చోవడం లేదన్నమాట. స్పార్క్ ప్లగ్ కూడా చాలా చెబుతుంది: మొన తెల్లగా కాలి ఉంటే పెట్రోలు తక్కువైనట్టు, నల్లగా తడిసి ఉంటే ఎక్కువైనట్టు.

ఇంజిన్ విప్పే ముందు పెట్రోలు గొట్టం మధ్యలో ఉండే రబ్బరు బుడ్డిని ఒకసారి చేత్తో పట్టి చూడండి. నొక్కితే గట్టిపడి నిలవాలి. ఎంత నొక్కినా మెత్తగానే ఉంటే గొట్టం ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా బుడ్డిలోని కవాటం పాడైంది. ఇంజిన్ తిరుగుతుండగా అది అప్పడంలా అతుక్కుపోతే ట్యాంకులోకి గాలి వెళ్లడం లేదు. గత జూన్‌లో ఒక బోటు ఒడ్డు దాటిన పావుగంటకల్లా ఆగిపోయి, చుక్కానితోనూ తెడ్లతోనూ తిరిగి వచ్చింది. చూస్తే ట్యాంకు మూత గాలిరంధ్రంలో కందిరీగ మట్టిగూడు కట్టింది. పిన్నీసుతో మట్టి తీసేస్తే సరిపోయింది.

గాలి చొరబడే లోపం మాత్రం అంత సులువుగా దొరకదు. నా దగ్గరకు వచ్చిన మరో బోటు యజమాని వేరే చోట కొత్త కార్బురేటర్ వేయించుకున్నా ఇంజిన్ బాగుపడలేదు. తిరుగుతున్న ఇంజిన్‌లో కార్బురేటర్ అతికే చోట సబ్బునీళ్లు చల్లాను. నీళ్లు ఆ సందును మూయగానే శబ్దం మారింది. లోపమంతా అతుకు మధ్య గాలి చొరబడకుండా ఉంచే, ఎండి చిట్లిన గ్యాస్కెట్‌లో ఉంది. ఈ పరీక్షకు పెట్రోలు చల్లేవారిని చూశాను. వేడెక్కిన ఇంజిన్ మీద అది ప్రాణాపాయం. అలాగే ఇనుప తీగతో జెట్లను పొడవకూడదు. జెట్ల ఇత్తడి మెత్తనిది కనుక రంధ్రం పెద్దదై, ఆ తర్వాత ఎంత సర్దినా పెట్రోలు కొలత కుదరదు. శుభ్రం చేసే ద్రావకంలో నానబెట్టి గాలి కొట్టడమే పద్ధతి.

టూ-స్ట్రోక్ ఇంజిన్లు ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. చాలా ఇంజిన్లలో ఆయిల్ పెట్రోలుతో కలిసే లోపలికి వెళ్తుంది కనుక పెట్రోలు తగ్గితే ఆయిల్ కూడా తగ్గుతుంది. చోక్ సగం వేసుకుని ఎలాగో నెట్టుకొచ్చే ఇంజిన్ చివరకు పిస్టన్ పట్టేసి నడిసముద్రంలో ఆగిపోతుంది.

నిషేధానికి ముందు ఒక్క గంట కేటాయిస్తే ఇదంతా తప్పుతుంది. ఇంజిన్‌ను నీళ్ల డ్రమ్ములో దించి (నీళ్లు లేకుండా తిప్పితే పంపు రబ్బరు రెక్కలు కాలిపోతాయి), పెట్రోలు గొట్టం విడదీసి, దానంతట అది ఆగిపోయే వరకు నడపాలి. ఆ తర్వాత గిన్నె అడుగు మర వదులు చేసి మిగిలిన చుక్కలు కూడా కార్చేయాలి. ట్యాంకులో పాత పెట్రోలు దాచుకోకూడదు.

నిషేధ కాలానికి భృతి ఇస్తున్న ప్రభుత్వం, మత్స్యశాఖ ద్వారా ఏప్రిల్ రెండో వారంలో ప్రతి రేవులోనూ ఒక పూట ఈ పని చేసి చూపించేలా, జూన్ 10 నాటికి ఇంజిన్లను పరీక్షించే శిబిరం పెట్టేలా ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. మా తీరంలో అలాంటి శిబిరం పెడితే నా పనిముట్లతో ఉచితంగా వచ్చి పనిచేస్తాను.

ఇట్లు,
ఒక ఔట్‌బోర్డ్ మెకానిక్,
ఉప్పాడ, కాకినాడ జిల్లా