ఆన్‌లైన్ పరీక్షలకు కంప్యూటర్లు ఇస్తే చాలదు, కళాశాలలకు తోడుండే మనుషులు కావాలి

సంపాదకుడు గారికి,

అయ్యా,

ఒడిశాలో 2024-25 విద్యా సంవత్సరం నుంచి ప్లస్ త్రీ (డిగ్రీ) తరగతులకు 2020 నాటి జాతీయ విద్యావిధానం అమలవుతోంది. ఏడాది పొడుగునా విద్యార్థిని గమనిస్తూ మార్కులు వేయాలన్నది ఆ విధానం ఉద్దేశం కనుక, సెమిస్టరు మధ్యలో పెట్టే ఇంటర్నల్ పరీక్షలకు ప్రాధాన్యం పెరిగింది, పేపర్లు దిద్దే పనీ పెరిగింది. వీటిని కంప్యూటర్ మీద పెట్టుకుంటే మేలన్న మాట బరంపురం నుంచి జయపురం దాకా అధ్యాపకుల మధ్య వినిపిస్తోంది. ఆ మాటను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. అయితే కళాశాలకు సాయం చేయడమంటే కంప్యూటర్లు కొని గదిలో పెట్టించడమేనన్న అభిప్రాయం అధికారుల్లోనూ యాజమాన్యాల్లోనూ పాతుకుపోయి ఉంది. ఆ అభిప్రాయం వల్ల జరుగుతున్న నష్టాన్ని చెప్పుకోవడానికి మీ పత్రికలో కాస్త చోటు కోరుతున్నాను.

అవసరం సంగతి పెద్దగా వాదించనక్కరలేదు. గేట్ పరీక్ష 2014 నుంచి పూర్తిగా కంప్యూటర్ మీదే జరుగుతోంది, జేఈఈ మెయిన్ 2019 నుంచి అదే దారి పట్టింది, కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశానికి 2022లో సీయూఈటీ వచ్చింది. గుణుపురంలోనో కాశీనగర్‌లోనో మూడేళ్లపాటు కాగితం మీదే పరీక్షలు రాసిన పిల్ల, పైచదువు కోసం కూర్చునే పరీక్షలోనే మొదటిసారి తెరమీద ప్రశ్న చదవవలసి రావడం న్యాయం కాదు. చదువు తక్కువై కాక, చేయి తిరగక మార్కులు పోగొట్టుకునే పరిస్థితి అది.

ఇక సాయం సంగతి. మా ప్రాంతంలోని ఒక కళాశాలలో భౌతికశాస్త్రం ఇంటర్నల్ పరీక్షను ఆన్‌లైన్ పాఠాలకూ పరీక్షలకూ వాడే మూడిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీద పెట్టారు. ఒక లెక్కకు జవాబు 0.5. ప్రశ్నను ఎక్కించినవారు దాన్ని సంఖ్య రూపంలో జవాబిచ్చే ప్రశ్నగా కాక, చిన్న జవాబు ప్రశ్నగా నమోదు చేశారు. ఆ రకం ప్రశ్నలో కంప్యూటర్ విలువను చూడదు, ఇచ్చిన జవాబును అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. అందువల్ల 0.50 అని కొట్టినవారికి, సున్నా వదిలేసి .5 అని కొట్టినవారికి, పక్కన ప్రమాణం (యూనిట్) కూడా శ్రద్ధగా రాసినవారికి మార్కు పడలేదు. సరైన రకం ఎంచుకుని, ఎంత తేడా వరకు ఒప్పుకోవచ్చో చెప్పి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. ప్రమాణాలను గుర్తించే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. జరిగిన తరువాతైనా ప్రశ్నను సవరించి మార్కులు తిరిగి లెక్కించమంటే తరగతి మొత్తానికీ కొద్ది నిమిషాల్లో సరయ్యేవి. ఆ మాట చెప్పే మనిషి దగ్గరలో లేకపోవడంతో పరీక్ష రద్దయింది, మళ్లీ కాగితం మీద జరిగింది, కంప్యూటర్ పరీక్షలు మనకు అచ్చిరావన్న తీర్మానం స్టాఫ్ రూములో ఖాయమైంది. అక్కడ కంప్యూటర్లకు కొరత లేదు, అన్నీ కొత్తవే.

కాబట్టి నా విన్నపం ఒక్కటే. భంజవిహార్‌లోని బరంపురం విశ్వవిద్యాలయంలోనూ, 2023లో విశ్వవిద్యాలయ హోదా పొందిన జయపురం విక్రమదేవ్‌లోనూ పరీక్షల విభాగానికి అనుబంధంగా చిన్న సహాయ కేంద్రాలు పెట్టి, జిల్లాకు ఒకరిద్దరు చొప్పున కళాశాలలు తిరిగే శాశ్వత ఉద్యోగులను నియమించాలి. పరీక్షకు ముందు అధ్యాపకుడి పక్కన కూర్చుని ప్రశ్నలు సరిచూడటం, మార్కుల్లేని నమూనా పరీక్ష ఒకటి నడిపించడం, పరీక్ష రోజున ఫోన్ చేస్తే పలకడం, తరువాత ఫలితాలను విప్పి చెప్పడం వారి పని. రెండు రోజుల శిక్షణ శిబిరం పెట్టి సర్టిఫికెట్లు పంచి ఫొటోలు దిగడం దీనికి బదులు కాదు. పరీక్ష ముందు రోజు సాయంత్రం పుట్టే సందేహానికి శిబిరంలో జవాబు దొరకదు.

ఫలితాలను విప్పి చెప్పడం అన్నాను. నా దృష్టిలో ఈ పద్ధతికున్న అసలు విలువ అక్కడే ఉంది. మన బిట్లు ఎలా తయారవుతాయో అందరికీ తెలుసు: నాలుగింటిలో మూడు చూడగానే తీసిపారేయవలసినవి, పొడవుగా ఉన్నది సరైనది, ఏమీ తోచనప్పుడు ‘పైవన్నీ’. కాగితం మీద దిద్దినంతకాలం ఈ లోపం బయటపడదు. మూడిల్ వంటివి ప్రతి ప్రశ్ననూ ఎంతమంది సరిగ్గా చేశారో, మొత్తం మీద బాగా రాసినవారు ఆ ప్రశ్న చేయగలిగారో లేదో లెక్కగట్టి చూపుతాయి. తరగతిలో ముందున్నవారు తప్పి, వెనకబడినవారు సరిగ్గా గుర్తించిన ప్రశ్న కనిపిస్తే, సాధారణంగా కీ తప్పయినా అయి ఉండాలి, ప్రశ్నలోని వాక్యం రెండర్థాలకు తావిచ్చి అయినా ఉండాలి. ఆ పట్టికను చదవడం అధ్యాపకుడికి ఒక్కసారి పక్కనుండి నేర్పితే, తరువాత అతడు కాగితం మీద ఇచ్చే ప్రశ్నపత్రం కూడా బాగుపడుతుంది.

తొందరపాటు ఎంత ప్రమాదమో మరో రాష్ట్రం అనుభవం చెబుతోంది. ముంబయి విశ్వవిద్యాలయం 2017లో జవాబు పత్రాలన్నింటినీ స్కాన్ చేయించి తెరమీద దిద్దించాలని ఒక్కసారిగా నిర్ణయించింది. లక్షల పత్రాలు, తగిన సాధన లేని మూల్యాంకకులు. జూలై 31లోగా ఫలితాలివ్వాలని గవర్నరు గడువు పెట్టినా అది గడిచిపోయింది, పైచదువులకు వెళ్లవలసిన విద్యార్థులు నెలల తరబడి ఎదురుచూశారు, అక్టోబరులో ఉపకులపతిని పదవి నుంచి తొలగించారు. అంత పెద్ద నగరంలో, అంత పాత విశ్వవిద్యాలయంలో జరిగినది మా జిల్లాలోని మోహనలోనో ఆర్.ఉదయగిరిలోనో జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే ఫైనల్ పరీక్షల జోలికి ఇప్పుడే పోకుండా, కొద్ది మార్కుల ఇంటర్నల్ పరీక్షలతో మొదలుపెట్టాలని కోరుతున్నాను. వ్యాస ప్రశ్నలను యంత్రం చేత దిద్దించాలని నేను అనడం లేదు, అవి మనిషే చదవాలి.

కరెంటు, నెట్‌వర్క్ మాట ఎత్తేవారు సరిగ్గానే ఎత్తుతున్నారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ వద్ద తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. మా తుపానుల కాలమూ సెమిస్టరు కాలమూ ఒకటే. అయితే పరీక్ష మొత్తం ఎక్కడో దూరాన ఉన్న సర్వర్ మీద ఆధారపడవలసిన పని లేదు. కళాశాలలోనే ఒక సర్వర్ పెట్టి, ల్యాబులోని కంప్యూటర్లను దానికి కలిపితే బయటి నెట్ పోయినా పరీక్ష ఆగదు. ఇన్వర్టర్, కాగితం మీద అచ్చువేసిన మరో ప్రశ్నపత్రం సిద్ధంగా ఉంటే కరెంటు పోయినా సర్దుకోవచ్చు. నలభై కంప్యూటర్లకు రెండు వందల మంది విద్యార్థులుంటే బ్యాచీలుగా కూర్చోబెట్టవలసిందే. అప్పుడు ఒకే స్థాయి ప్రశ్నలు తగినన్ని నిల్వ ఉంటేనే మొదటి బ్యాచీ బయటికి వచ్చి చెప్పిన జవాబులు అయిదో బ్యాచీకి పనికిరాకుండా ఉంటాయి. ఆ నిల్వను ఒక్క కళాశాల కూడబెట్టలేదు, నాలుగు జిల్లాలు కలిస్తే కష్టం కాదు.

భాష విషయంలో పర్లాకిమిడి, రాయగడ వంటి చోట్ల ప్రత్యేక శ్రద్ధ అవసరం. తెలుగు మాధ్యమం బడుల నుంచి వచ్చిన పిల్లలు కళాశాలలో ఒడియా, ఇంగ్లీషు ప్రశ్నల మధ్య ఇప్పటికే తడబడుతున్నారు. సీయూఈటీని తెలుగు, ఒడియాలతో కలిపి 13 భాషల్లో నిర్వహిస్తున్నప్పుడు, మా కళాశాలల ఇంటర్నల్ పరీక్షలో ప్రశ్న కింద తెలుగు అనువాదం చూపడం అసాధ్యమేమీ కాదు. అలాగే, వికలాంగ అభ్యర్థులకు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. కంప్యూటర్ పరీక్షలో ఆ సమయాన్ని విద్యార్థి పేరు మీద ముందే నమోదు చేయవచ్చు, ఇన్విజిలేటరు దయాదాక్షిణ్యాల మీద వదిలేయనక్కరలేదు.

సాఫ్ట్‌వేర్ ఉచితమే అయినా మనుషుల జీతాలకు ఖర్చవుతుంది. ఆ ఖర్చును ఏటా బడ్జెట్‌లో చూపాలి. అంతవరకు ఆగనక్కరలేని కళాశాలలూ ఉన్నాయి. పర్లాకిమిడిలోని శ్రీకృష్ణచంద్ర గజపతి కళాశాల వంటి స్వయంప్రతిపత్తి సంస్థలకు తమ పరీక్షల తీరును తామే నిర్ణయించుకునే వీలుంది కనుక, వచ్చే సెమిస్టరులో ఒక్కో విభాగం నుంచి ఒక్కో పేపరుతో అవి మొదలుపెట్టవచ్చు. సహాయ కేంద్రాలకు ఉద్యోగులను తీసుకునే ప్రకటన వెలువడే నాటికి అందులో ఒడియాతో పాటు తెలుగు చదవడం, రాయడం వచ్చి ఉండాలన్న నిబంధన చేర్చవలసిందిగా ఉన్నత విద్యాశాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక డిగ్రీ కళాశాల అధ్యాపకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా.