రామప్ప కథ మా అమ్మాయిలను కూడా చెప్పనివ్వండి

గౌరవనీయులైన పర్యాటక అధికారి గారికి నమస్కారం.

రామప్ప గుడి దారిలోని మా ఊరి మహిళా సంఘం తరఫున రాస్తున్నాను. మా అమ్మాయిలకు గుడి దగ్గర గైడ్లుగా అవకాశం ఇవ్వాలని మూడుసార్లు దరఖాస్తు ఇచ్చాం. జవాబు రాలేదు కాబట్టి అందరి ముందూ అడుగుతున్నాం.

2021లో యునెస్కో రామప్పను ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించిన రోజు మా ఊళ్లో పండగే. తర్వాత కార్లు, బస్సులు పెరిగాయి. మా ఆడవాళ్లకు దక్కింది మాత్రం ఊడ్చే పని, గిన్నెలు కడిగే పని. డిగ్రీ చదివిన అమ్మాయిలు 1213 నాటి శాసనం గురించి, నీళ్లలో తేలే ఇటుకల గురించి, మదనికలనే నల్లరాతి స్త్రీ శిల్పాల గురించి తడుముకోకుండా చెప్పగలరు. ఎత్తు చెప్పులు తొడుక్కున్న ఆ మదనిక గురించి ఒక ఆడపిల్ల నోట వినాలని నాకు ఎంతో ఆశ.

సకినాలు అమ్ముకునే మా అక్కలది ఇంకో బాధ. దగ్గర్లోని బాత్రూంకు ఎప్పుడూ తాళమే. వెళ్లాల్సి వస్తుందన్న టెన్షన్‌తో పొద్దంతా నీళ్లు తాగకుండా ఎండలో కూర్చుంటారు.

ముందు ఆ తాళం తీయించండి. మా అమ్మాయిలకు గైడ్ శిక్షణ, గుర్తింపు కార్డులు ఇప్పించండి. కొత్తగా కేటాయించే దుకాణాల్లో సగం మహిళా సంఘాలకు ఇవ్వండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాం.

ఇట్లు,
మహిళా సంఘం సభ్యురాలు