సిరా మరకల పరీక్ష మనవాళ్ల విషయంలో ఎంత నమ్మదగిందో తేల్చండి: ఆరోగ్యశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఆరోగ్యశాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను గుంటూరు కొత్తపేటలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. సిరా మరకల పరీక్ష, అంటే మేం రోర్షాక్ అనేది, తెలుగువాళ్ల విషయంలో ఎంతవరకు నమ్మదగిందో తేల్చే పరిశోధనకు ప్రభుత్వం పూనుకోవాలని కోరుతున్నాను. ఈ పరీక్షలో సిరా మరకలున్న పది కార్డులు ఒక్కొక్కటే చూపి, ఏం కనబడుతోందని అడుగుతాం. ఒక్కో జవాబుకు గుర్తులు వేసి, వాటి లెక్కను బట్టి ఆ మనిషి మానసిక స్థితిని అంచనా వేస్తాం.

ఈ మధ్య విజయవాడ నుంచి ఒక యువతి తన పరీక్ష రిపోర్టు పట్టుకుని వచ్చింది. విడాకుల కేసు నడుస్తోంది. ఆమె అనుమతితోనే ఈ మాట రాస్తున్నాను. రెండో కార్డులోని ఎర్ర మచ్చలు చూసి ఆమె "కుంకుమ చెదిరినట్టుంది" అంది. పరీక్ష చేసినవారు దాన్ని పాడైపోయిన వస్తువు కింద లెక్కగట్టి, నిరాశకు గుర్తు వేశారు. అమ్మవారి పూజలో చల్లిన కుంకుమ అనుకుంటే ఆ గుర్తు పడదు. ఆమెను ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే తేలిపోయేది. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో మానసిక అనారోగ్యం విడాకులకు ఒక కారణం. అలాంటి చోట ఇటువంటి గుర్తు ఎంత దూరం పోతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు హెర్మన్ రోర్షాక్ 1921లో ఈ పది కార్డులు ప్రచురించి, మరుసటి ఏడే 37 ఏళ్లకు చనిపోయాడు. ఆ తర్వాత ఎవరి పద్ధతి వాళ్లదైంది. అమెరికాలో జాన్ ఎక్స్‌నర్ 1974లో వాటిని ఒక దారికి తెచ్చాడు. మరకలో ఏ ఆకారం కనబడటం మామూలు, ఏది అసాధారణం అని చెప్పే పట్టికలు ఆయన పద్ధతిలో ఉన్నాయి. అసలు చిక్కు అక్కడే ఉంది. అయిదో కార్డులో గబ్బిలం ఎక్కడివాళ్లకైనా కనబడుతుంది. కానీ మన పల్నాటి రైతు ఒక మరకలో అలంకరించిన గంగిరెద్దును చూశాడనుకోండి, అది అమెరికా పట్టికలో దొరకదు. ఇక పరీక్షకుడి విచక్షణే. ఆకారం కుదరలేదని రాస్తే, చూసినదాన్ని తప్పుగా పోల్చుకుంటున్నాడన్న లెక్క పెరుగుతుంది. గంగిరెద్దును ఎరిగి ఉండటం రోగలక్షణం ఎలా అవుతుంది?

జబ్బు లేనివాళ్ల ఫలితాలు మామూలుగా ఎలా ఉంటాయో చెప్పే ప్రమాణాల సంగతీ అంతంతమాత్రమే. ఎక్స్‌నర్ చూపిన 700 మంది మామూలు మనుషుల జాబితాలో 200కు పైగా రికార్డులు రెండేసి సార్లు పడ్డాయని తర్వాత బయటపడింది. 1999లో కాలిఫోర్నియాలో రోగులు కాని 123 మందిని పరీక్షిస్తే, అక్కడివాళ్ల ఫలితాలే ఆ ప్రమాణాలకు చాలా చోట్ల దూరంగా వచ్చాయి.

అలాగని పరీక్షను పారేయమనడం లేదు. ఇందులోని 65 కొలతల మీద జరిగిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి 2013లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. ఆలోచన గాడి తప్పడాన్ని పట్టుకునే కొలతలకు అందులో గట్టి ఆధారం దొరికింది. మరికొన్నిటికి దాదాపు ఏమీ దొరకలేదు. బాగా శిక్షణ పొందిన ఇద్దరు వేసిన గుర్తులు చాలావరకు కలుస్తాయనీ తెలుసు. మరి మన ఆసుపత్రుల్లో, రద్దీ ఓపీ మధ్య, తెలుగులో వచ్చిన జవాబులకు కలుస్తున్నాయా?

అందుకే నా విన్నపం. గుంటూరు జీజీహెచ్, విజయవాడ ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగాలతో ఒక అధ్యయనం చేయించండి. రోగుల్నే కాదు, మిర్చియార్డు హమాలీలు, టీచర్లు, గృహిణులు, కాలేజీ పిల్లలు, ఇలా ఏ జబ్బూ లేనివాళ్లనూ వాళ్ల అంగీకారంతో తీసుకోవాలి. ప్రతి జవాబుకూ ఇద్దరు విడివిడిగా గుర్తులు వేయాలి. ఆ మనిషి ఎవరో, కేసేమిటో వాళ్లకు తెలియకూడదు. కొన్ని వారాల తర్వాత కొందరికి మళ్లీ పరీక్ష పెట్టి, ఏవి నిలిచాయో, ఏవి మారాయో చూడాలి. ఫలితం మా వృత్తికి ఇబ్బందిగా వచ్చినా సరే, అచ్చు వేయాలి.

అధ్యయనానికి ఏళ్లు పట్టవచ్చు. ఈలోగా ఒక్క ఉత్తర్వు చాలు. కోర్టుకు వెళ్లే ప్రభుత్వాసుపత్రి రిపోర్టు ఈ ఒక్క పరీక్ష మీదే ఆధారపడకూడదు. మనిషి చెప్పిన జవాబులు యథాతథంగా, వాటికి వేసిన గుర్తులతో సహా, భద్రపరచాలి. సంబంధిత వ్యక్తి కోరితే ఇంకో సైకాలజిస్టు వాటిని చూసే వీలుండాలి. ఆ యువతి రిపోర్టుకు గుర్తుల కాగితం జత చేసి ఉండబట్టే నేను ఆ కుంకుమ మాట చూడగలిగాను. చాలామందికి ఆ కాగితం ఇవ్వరు.

ఇట్లు
ఒక క్లినికల్ సైకాలజిస్టు
కొత్తపేట, గుంటూరు