సంగటి తెడ్డు నుంచి పాస్‌పోర్టు దాకా: మన మిషనరీ శిక్షణ విభాగం వార్షిక నివేదిక, కడప

సభ్యులందరికీ వందనాలు.

పోయిన ఈస్టర్ నుంచి ఈ ఈస్టర్ దాకా మన సంఘం మిషనరీ శిక్షణ విభాగం ఏం చేసిందో, ఏం చేయలేకపోయిందో ఇందులో రాస్తున్నాను. జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు విడిగా ఇస్తున్నారు, కాబట్టి ఆ అంకెల జోలికి నేను పోవడం లేదు. కార్యదర్శిగా నాకు రాయడం కన్నా మాట్లాడడమే అలవాటు. ఎక్కడైనా సాగదీస్తే ఓర్చుకోండి.

ముందుగా ఒక పాత బాకీ తీర్చాలి. కిందటి సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన లేచి, "వేరే దేశాలకు సువార్త చెప్పడానికి పోయే పిల్లోళ్లకు పంచర్లు వేయడం, జుట్టు కత్తిరించడం నేర్పిస్తున్నారంట. మరి వాక్యం నేర్పేదెప్పుడు?" అని అడిగారు. అప్పటికే భోజనాల వేళ దాటిపోవడంతో నేను నవ్వేసి ఊరుకున్నాను. అది సరైన జవాబు కాదు.

వాక్యం నేర్పడానికి పాస్టర్లున్నారు, బైబిల్ కాలేజీలున్నాయి. పరాయి దేశంలో ఎవరి నెత్తిన బరువు కాకుండా బతకడం నేర్పేవాళ్లే లేరు. ఒంగోలులో పనిచేసిన క్లౌ దొర గురించి మీలో చాలామందికి తెలుసు. మిషనరీ కాకముందు ఆయన అమెరికాలో భూముల సర్వే పని నేర్చిన మనిషి. 1876లో మొదలైన ధాత కరువులో జనం మలమల మాడిపోతుంటే బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. వేలమందికి ఆ తవ్వకమే కూలీ, ఆ కూలీయే కూడు. కొలత గొలుసు పట్టడం రాకపోతే ఆ పని ఆయన చేతికి వచ్చేదే కాదు. ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. కరువు పని నడిచినన్నాళ్లు ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి కోసం వచ్చేవాళ్లను, దేవుని కోసం వచ్చేవాళ్లను కలగాపులగం చేయకూడదని ఆయన పట్టుదల. మన శిక్షణలో ఈ రెండు సంగతులూ మొదటి రోజే చెబుతాం. మన జిల్లాలోనే చూసుకున్నా, జమ్మలమడుగులో 1890లలో కాంప్‌బెల్ దొర మొదలుపెట్టిన ఆసుపత్రి పేరు నేటికీ జనం నోట్లో ఉంది. ఆయన ప్రసంగాలు ఎవరికైనా గుర్తున్నాయేమో నాకైతే తెలియదు.

ఈ ఏడు పదకొండు మంది చేరితే ఎనిమిది మంది చివరిదాకా నిలిచారు. మిగతా ముగ్గురిలో ఒకబ్బాయి కానిస్టేబుల్ పరీక్షకు కోచింగ్‌కు పోయాడు, ఒకమ్మాయికి పెళ్లి కుదిరింది. మూడో అబ్బాయి క్యాంపు అయిపోయిన మర్నాడు వచ్చి, "అన్నా, ఇది నా వల్ల అయ్యే పని కాదు" అని నేరుగా చెప్పేశాడు. ఆ మాట విమానం ఎక్కిన తర్వాత కాకుండా ఇక్కడే చెప్పాడు కాబట్టి నా లెక్కలో అతను కూడా పాసే.

కెన్యా ఎందుకంటే

అన్ని దేశాలకూ పనికొచ్చే శిక్షణ అంటే ఏ దేశానికీ పనికిరాని శిక్షణ అని మొదటి రెండేళ్లలో మాకు అర్థమైంది. అందుకే ఈసారి కెన్యా ఒక్కదాన్నే పట్టుకున్నాం. మన సభ్యురాలైన ఒక అక్క అక్కడ ఎనిమిదేళ్లు నర్సుగా ఉండి వచ్చింది. పుస్తకంలో దొరకనివన్నీ ఆమె దగ్గర దొరికాయి.

మొదటి ఆదివారం క్లాసు వంటింట్లోనే పెట్టింది. పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే తెల్ల మొక్కజొన్న పిండి కొంచెం కొంచెంగా పోస్తూ తెడ్డుతో కెలకడం మొదలుపెట్టింది. పిండి గట్టిపడే కొద్దీ గిన్నె కదిలిపోతోంది. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒకబ్బాయి లేచి, ఎవరూ చెప్పకుండానే రెండు మసిగుడ్డలతో గిన్నె అంచులు అదిమి పట్టుకున్నాడు. "అక్కా, ఇది మన సంగటే గదా!" అన్నాడు. అక్క నవ్వి, "అక్కడ దీన్ని ఉగాలి అంటారు. రాగి పిండి లేదు, అన్నం మెతుకు లేదు, అంతే తేడా" అంది. దాన్ని ముద్దలు చేయకుండా పళ్లెంలో బోర్లించి, చేత్తో తుంచి, బొటనవేలితో గుంట చేసి ఆకుకూరలో అద్దుకుని తినాలి. మనవాళ్లు ఊరిబిండి పచ్చడితో తిన్నారు. రెండు కిలోల పిండి అరగంటలో ఖాళీ అయింది. చాయ్, చపాతీ అక్కడ కూడా అవే పేర్లతో ఉన్నాయని తెలిసినప్పుడు పిల్లల మొహాల్లో సగం టెన్షన్ పోయింది.

మిగిలిన సగం టైమ్ చెప్పేటప్పుడు తిరిగి వచ్చింది. అక్కడి భాష స్వాహిలీలో గంటలు సూర్యోదయం నుంచి లెక్కపెడతారు. మన ఏడు గంటలు వాళ్లకు ఒంటిగంట. "సా తాటు" అంటే మాటకు మూడు గంటలే, గడియారంలో మాత్రం తొమ్మిది. అక్క మర్నాడు "సా తాటు"కు రమ్మని చెప్పి పంపితే ఇద్దరు మధ్యాహ్నం మూడింటికి తీరిగ్గా దిగారు. వాళ్లు రాకముందే భోజనాలు అయిపోయాయి, వాళ్లకేమీ దాచలేదు. ఆ తర్వాత ఎవరూ ఆ లెక్క తప్పలేదు.

భాష క్లాసు గురించి ఒక్క మాట. పిల్లలను సి.పి.బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకుపోయాం. 1820లో కడపకు వచ్చిన ఇంగ్లీషు ఉద్యోగి ఈ బ్రౌన్, పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టుకుని వేమన పద్యాలు పోగుచేసి, చివరికి నిఘంటువు రాసేదాకా పోయాడు. మనూరికి వచ్చిన పరాయివాడు మన భాషకు అంత మర్యాద ఇచ్చినప్పుడు, మనం పరాయి ఊరికి పోతే ఎంత ఇవ్వాలో పిల్లలే లెక్క వేసుకున్నారు. స్వాహిలీలో ఆవును "ఙోంబే" అంటారు. చిన్నప్పుడు పలకమీద దిద్ది మరిచిపోయిన 'ఙ' ఇన్నాళ్లకు పనికొచ్చింది! పెద్దవాళ్లు కనిపిస్తే "షికామో" అనాలి, అది మన "వందనాలు" లాంటిదే. వాళ్లు "మరహబా" అంటారు. మన పిల్లలు దానికి చేతులు కూడా జోడిస్తున్నారు. వద్దని చెప్పలేదు.

పెన్నా ఒడ్డున క్యాంపు

దసరా సెలవులు అయ్యాక జమ్మలమడుగు వైపు, పెన్నా ఒడ్డున ఒక పల్లెలో వారం రోజులు ఉన్నాం. ఫోన్లు కోశాధికారి గారి సంచిలో వేశాం. వంట, నీళ్లు, బట్టలు, పడకలు అన్నీ ఎవరివి వాళ్లే చూసుకోవాలి.

నీళ్ల క్లాసు మా మొదటి వైఫల్యం. రంగు లేని, లోపలికి కనిపించే ప్లాస్టిక్ బాటిల్లో తేరుకున్న నీళ్లు నింపి ఆరు గంటలు నిండు ఎండలో పెడితే విరేచనాలు తెచ్చే క్రిములు చాలామటుకు చనిపోతాయి. కడప ఎండకు ఆరు గంటలు కూడా ఎక్కువే అని నేను గొప్పగా చెప్పాను. మర్నాటి నుంచి బంగాళాఖాతంలో వాయుగుండం. నాలుగు రోజులు సూర్యుడి జాడ లేదు. మబ్బు పట్టినప్పుడు రెండు రోజులు ఉంచాలని పుస్తకంలో ఉంది కానీ, వాన పడుతుంటే ఆ లెక్క కూడా పనిచేయదు. చివరికి కట్టెల పొయ్యి మీద మరిగించుకుని తాగాం. తడిసిన కట్టెలకు పొగ తప్ప మంట రాలేదు, అందరి కళ్లూ ఎర్రబడ్డాయి. ఇంకొకటి, మరిగిస్తే క్రిములు పోతాయి గానీ ఫ్లోరైడ్ పోదు. మన జిల్లాలో పుట్టిన పిల్లలకే ఈ సంగతి తెలియదంటే నాకు ఆశ్చర్యం వేసింది.

మూడో రోజు ఒకబ్బాయి ఓపిక పట్టలేక బావి నీళ్లే తాగేశాడు. రాత్రికి విరేచనాలు పట్టుకున్నాయి. అలా కావాలని ఎవరమూ కోరుకోలేదు గానీ, ఆ రాత్రి జరిగిన క్లాసు లాంటిది ఏడాది మొత్తంలో జరగలేదు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలవాలి. కంగారులో ఒకమ్మాయి పెద్ద చెంచాతో ఉప్పు వేసింది. అక్క ఒక చుక్క నాలుక మీద వేసుకుని ఉమ్మేసి, "కన్నీళ్ల కన్నా ఉప్పగా ఉంటే పారబోయాల్సిందే" అంది. రెండోసారి కొలత సరిపోయింది. గుక్కెడు గుక్కెడుగా తెల్లారేదాకా తాగించాం. పొద్దున ఆసుపత్రిలో చూపించి తెచ్చాం, రెండు రోజుల్లో తేరుకున్నాడు. వాళ్లమ్మకు ముందుగా ఫోన్ చేయకపోవడం నా తప్పు. సమావేశంలో ఆమె నన్ను అడిగితే తలవంచుకుంటాను.

పంచర్లు, బట్టల కుట్టు, ఫ్యూజు వేయడం, చిన్న సోలార్ ప్యానెల్‌కు బ్యాటరీ కలపడం మామూలుగా జరిగిపోయాయి. పాము కరిస్తే తాడు బిగించి కట్టవద్దు, కోయవద్దు, కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చాలి అని చెబితే ఊరి పెద్దలు మాతో వాదించారు. క్షవరం క్లాసు జరిగిన ఆదివారం ముగ్గురు అబ్బాయిలు గుడికి టోపీలతో వచ్చారు. ఇంతకన్నా వివరించను.

కాగితాలు

ఈ ఏడు ఎక్కువ కాలం తిన్నది ఇదే. మన పిల్లల్లో చాలామందికి సంఘంలో ఒక పేరు, టెన్త్ సర్టిఫికెట్లో ఇంకో పేరు, ఆధార్లో మూడోది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒట్టి పొడి అక్షరం. పాస్‌పోర్టుకు పొడి అక్షరాలు కుదరవు, విడదీసి పూర్తిగా రాయాలి. ముగ్గురి అప్లికేషన్లు వెనక్కి వచ్చాయి, ఆ మూడూ నింపింది నేనే. కాబట్టి ఇకపై ఎవరైనా చేరిన రోజే అన్ని సర్టిఫికెట్లూ ఒకే బల్ల మీద పరిచి చూడాలని నియమం పెట్టుకున్నాం.

కెన్యా నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకపోతే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్లో పెట్టే నిబంధన ఉంది. టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే ఆ కార్డు చెల్లుతుంది. 2016 నుంచి ఒక్క డోసు జన్మకంతా చాలు. ఈ టీకా అన్ని ఆసుపత్రుల్లో ఉండదు. మన ఇద్దరు రైలెక్కి చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పోయి వేయించుకుని వచ్చారు.

సామాన్ల సంగతి అక్క చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు. కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం, బయటినుంచి వచ్చేవాళ్లకు కూడా. మన అమ్మలు పచ్చడి డబ్బాకు నాలుగు కవర్లు చుట్టకుండా పంపరు కదా. గుడ్డ సంచులు కుట్టించాం. మన ప్లగ్గు అక్కడి సాకెట్లో దూరదు, అక్కడివి మూడు దీర్ఘచతురస్రపు పిన్నులవి. ఫోన్‌లోనే డబ్బు పంపడానికి 2007 నుంచే అక్కడ ఎంపెసా అనే సేవ ఉంది, బటన్ల ఫోన్‌తో కూడా నడుస్తుంది. ఫోన్‌పే వచ్చింది కాబట్టి మనమే ముందున్నామనుకునే పిల్లలకు ఇది కొంచెం గట్టిగానే తగిలింది. స్వెటర్ తీసుకుపోవాలని చెబితే మాత్రం ఎవరూ నమ్మలేదు. ఆఫ్రికా అంటే ఎండే అనుకుంటారు. నైరోబీ సముద్రమట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది, జూలైలో చలి వేస్తుంది.

చట్టం క్లాసు ఒకే ఒక్క పూట జరిగింది, చాలలేదు. ఏ దేశంలో ఏది నేరమో తెలియకుండా పోవడం భక్తి కాదు, అజ్ఞానం. నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదని ఉత్సాహంగా బయలుదేరేవాళ్లున్నారు. అక్కడ 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న నేర చట్టం ప్రకారం మతం మార్పించడం నేరం, ఐదేళ్ల దాకా జైలు. కెన్యాలో మత, సేవా సంస్థల్లో పనిచేయడానికి క్లాస్ ఐ అనే పర్మిట్ వేరుగా ఉంది. ఆగస్టులో ఒక ఏజెంటు మన దగ్గరికి వచ్చి, అదంతా ఎందుకు, టూరిస్టు దారిలో పంపించేస్తా, తర్వాత అక్కడే సర్దుకోవచ్చు అన్నాడు. ఇద్దరు తల్లిదండ్రులు అడ్వాన్సు ఇవ్వడానికి సిద్ధపడ్డారు కూడా. కమిటీ వద్దంది. ఆ ఇంట్లో ఒకరు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడం లేదు.

తల్లిదండ్రులు

ఇది నివేదికలో రాయాల్సిన సంగతేనా అని కమిటీలో ఒకరు అన్నారు. నా అభిప్రాయంలో ఇదే ముఖ్యం. ఎనిమిది మందిలో ఐదుగురు అమ్మాయిలు. వాళ్ల ఇళ్లకు పోయినప్పుడు దేవుని పిలుపు గురించి ఎవరూ అడ్డు చెప్పలేదు. "పెళ్లి సంగతి ఏంది సార్? ఒంట్లో బాగలేకపోతే ఎవరు చూస్తారు? మాకు ఏమన్నా అయితే బిడ్డ ఎట్లా వస్తుంది?" ఇవే అడిగారు. ఒక తల్లి మాత్రం ఏమీ అడగలేదు. శనగకాయలు ఒలుస్తూ కూర్చుని, మేము లేచేటప్పుడు, "అక్కడ సంగటి దొరుకుతుందంట గదా" అంది. ఆ మాటనే ఒప్పుకోలు అనుకున్నాం. ఇకముందు ఎవరిని పంపినా అత్యవసరానికి తిరుగు టికెట్ డబ్బు ముందే వేరుగా పెట్టాలని కమిటీ తీర్మానం చేసింది. ఆ నిధి ఇంకా నిండలేదు.

వచ్చే ఏడాది

ఇద్దరి కాగితాలు పూర్తయ్యాయి, పర్మిట్ వచ్చాకే టికెట్లు కొంటాం. కొత్త బ్యాచ్ వేసవి సెలవుల్లో మొదలవుతుంది. ఎండలో నీళ్లు శుద్ధి చేసే క్లాసు మే నెలలోనే పెడతాం. చట్టం క్లాసుకు నాలుగు పూటలు కావాలి, మన సభ్యుల్లో ఉన్న వకీళ్లు ముందుకు రావాలి. స్వాహిలీ వచ్చినవాళ్లు ఎవరైనా మీ బంధువుల్లో ఉంటే చెప్పండి, అక్క ఒక్కతే ఎన్నాళ్లని లాగుతుంది.

చివరగా, సంక్రాంతి ముందు క్లాసు కోసం తెప్పించిన కుట్టుమిషన్ ఎవరింట్లోనో ఉండిపోయింది. సంగటి గిన్నె కూడా పెద్దది ఒకటి కనిపించడం లేదు. ఎవరు తీసుకున్నారని అడగబోము. ఈ ఆదివారం ఆరాధన అయ్యేలోపు వెనక వరండాలో పెట్టి పోండి చాలు.

ఇట్లు,
కార్యదర్శి