ఏంటికి కొంటావురా ఇవన్నీ అన్నావు కదా

ఒరే మామా,

ఎట్లుండావు? మొన్న ఫోన్లో "నువ్వేమన్నా పాస్టరువా, ఏంటికిరా నీకు ఆ చర్చి చట్టాల పుస్తకాలు" అని నవ్వినావే, అప్పుడు మా ఆవిడ పక్కనే కూచోని నీకే వంత పాడతా ఉన్నింది కాబట్టి గమ్మునుండిపోయినా. ఇప్పుడు తీరిగ్గా రాస్తాండా, చదువుకో.

ముందు బీరువా సంగతి. పై అరలు నావి, కింద అర పట్టుచీరలది, మధ్యలో కలరా ఉండలు ఇద్దరికీ కామన్. మన కడప ఎండలకి పాత బైండింగుల జిగురు పొడిపొడిగా రాలిపోతాది, 1917 నాటి క్యాథలిక్ కోడ్, అంటే క్యాథలిక్ చర్చి చట్టాల పుస్తకం, ఒకటుంది చూడు, దాన్ని తెరిస్తే ఒళ్లో గోధుమరంగు పొడి పడతాది. అంతా లాటిన్. మొత్తం 2414 కానన్లు, అంటే చర్చి రూల్స్, పూర్తిగా వేరే భాషలోకి తర్జుమా చేసుకోడానికి రోమ్ వాళ్లు ఒప్పుకోలేదంట, అది మూలపడి 1983లో 1752 కానన్ల కొత్త కోడ్ వచ్చేసినాక ఎప్పుడో 2001లో గానీ పూర్తి ఇంగ్లీషు పుస్తకం రాలేదు. లాయర్‌వి కదా, నీకు నవ్వొస్తాదిలే.

ఇంగ అసలు మాట. చర్చి చరిత్రలు చదివితే అందరూ మహానుభావులే అబ్బా, పుట్టినారు, సేవ చేసినారు, పోయినారు. చట్టాల పుస్తకం అట్ల కాదు, ఎవురూ చెయ్యని పనిని చెయ్యొద్దని ఏంటికి రాస్తారు చెప్పు? 325లో బిషప్పులంతా కూడిన నైసియా సభ అంటే మనోళ్లకు విశ్వాస ప్రమాణమే గుర్తొస్తాది, అదే సభ 20 రూల్స్ కూడా పెట్టింది. 15వది చూడు, బిషప్పులు గానీ పాస్టర్లు గానీ ఒక ఊరు వదిలి ఇంకో ఊరికి మారగూడదంట, అంటే అప్పుడే ట్రాన్స్‌ఫర్ల గోల ఉన్నట్టే కదా! 17వదైతే ఇంకా మజా, ఫాదర్లు వడ్డీ వ్యాపారం చేస్తే పదవి పీకేయమని, అందులో నూటికి ఒకటి అనే లెక్క కూడా రాసినారు, అప్పటి రోమన్లకు అది నెలకు లెక్క, అచ్చం మన రూపాయి వడ్డీ. ఏ చరిత్ర పుస్తకంలో చెప్తార్రా ఈ ముచ్చట?

సుమారు 1140లో గ్రేషియన్ అనే చర్చి చట్టాల పండితుడు ఇట్లాంటి రూల్స్ అన్నీ పోగేసి, ఒకదానికొకటి పొసగనివి ఎదురెదురుగా నిలబెట్టి రాజీ చేసినాడు, మన రచ్చబండ కాడ పెద్దమనిషి ఇద్దరి మాటా విని తీర్పు చెప్పినట్టు. నాకాయన శానా ఇష్టం. ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్‌కి మాత్రం ఇవంటే ఒళ్లు మంట, 1520 డిసెంబరులో విట్టెన్‌బర్గ్‌లో పోప్ ఉత్తర్వుతో పాటు ఈ చట్టాల పుస్తకాలనూ మంటల్లో వేసినాడు.

ఇవన్నీ యాడనో జరిగినవి అనుకోవద్దు. మన కడప పక్క లండన్ మిషనోళ్లు, వాళ్లకు బిషప్పులే లేరు, నంద్యాల పక్క ఆంగ్లికన్లు, అంటే బిషప్పులుండే ఇంగ్లండు చర్చి వాళ్లు. 1947 సెప్టెంబరు 27న ఇట్లాంటి చర్చిలన్నీ కలిసి సీఎస్‌ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం, పుడితే మనోళ్లు చేరిపోయినారు, నంద్యాల వాళ్లలో శానామంది మాత్రం బిషప్పు చెయ్యి పెట్టి అభిషేకించని పాస్టర్లను ఎట్ల ఒప్పుకుంటామని ఆగిపోయినారు. 1975 దాకా ఆగినారు! చెయ్యి ఎవురు పెట్టినారనే ఒక్క రూల్ మీద అన్నేండ్లు. ఇది తెలిసినాకనే నాకు పిచ్చి ముదిరింది.

నీ కోర్టు సంగతి కూడా ఉందిలే, చర్చి ట్రిబ్యునల్, అంటే చర్చి సొంత కోర్టు, పెండ్లి చెల్లదన్నా చట్టం కాడ అది విడాకులు కాదని 1996లో సుప్రీంకోర్టు తేల్చింది కదా, ఆ తీర్పు ప్రింట్ తీసి కోడ్ పుస్తకంలోనే పెట్టినా.

సరే గానీ, ఈసారి ఆదివారం అబిడ్స్ పోయినప్పుడు ఫుట్‌పాత్ మీద సీఎస్‌ఐ రాజ్యాంగం పాత ఎడిషన్ ఏదన్నా కనపడితే అట్టలు చినిగినా పర్లేదు, కొనేయ్, జీపే చేస్తా. పార్సిల్ మాత్రం ఇంటికి పంపొద్దు, ఆఫీసుకు పంపు.

నీ
కడపోడు