వార్షిక నివేదిక: హాలు ఫర్నేస్ కంట్రోల్ ప్యానెల్ మరమ్మతు, మార్పులు

సభ్యులందరికీ నమస్కారం.

గత ఉగాది నుంచి ఈ ఉగాది వరకు మన సంఘం చేసిన పనుల నివేదిక ఇది. బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే బాగా జరిగాయి. పిల్లల ఆదివారం తెలుగు తరగతులు ఆగకుండా నడిచాయి. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంపిస్తారు. ఈసారి నేను ఎక్కువగా రాసేది హాలు వెనకున్న కట్టెల ఫర్నేస్ గురించి. సభ్యుల శ్రమ, సంఘం డబ్బు ఈ ఏడాది ఎక్కువగా దాని మీదే పెట్టాం. విస్కాన్సిన్ చలికాలంలో అది ఆగిందంటే మనకు హాలు ఉన్నా లేనట్టే.

కొత్తగా చేరినవాళ్ల కోసం అది పనిచేసే తీరు చెబుతాను. షెడ్డులాంటి పెట్టెలో పెద్ద పొయ్యి, దాని చుట్టూ నీళ్ల తొట్టి ఉంటాయి. కట్టెల మంటకు వేడెక్కిన నీళ్లను పంపు భూమిలో వేసిన పైపుల ద్వారా హాలుకు పంపిస్తుంది. అక్కడ ఫ్యాన్ ఆ వేడిని గదుల్లోకి ఊదుతుంది, చల్లబడిన నీళ్లు తిరిగి తొట్టికి వస్తాయి. మంట ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు తగ్గాలి అనేది కంట్రోల్ ప్యానెల్ చూసుకుంటుంది. నీళ్లు 185 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరగానే మంటకు గాలి ఊదే బ్లోవర్ ఆగి, గాలి తలుపు మూసుకుంటుంది. 175కు పడిపోతే మళ్లీ తెరుచుకుంటుంది. గాలి అందకపోతే మంట అణిగి నిప్పులు మాత్రం మిగులుతాయి.

సంక్రాంతి సంబరాల ముందు రాత్రి ఫర్నేస్ పైనున్న గొట్టంలోంచి ఆవిరి ఎగజిమ్ముతోందని కట్టెలు వేయడానికి వెళ్లిన సభ్యులు ఫోన్ చేశారు. తొట్టిలో నీళ్లు మరుగుతున్నాయి, ప్యానెల్ మీద మాత్రం అంకె 160 దగ్గరే ఉంది. వాళ్లు వెంటనే కరెంటు స్విచ్ తీసి బ్లోవర్ ఆపారు. పంపు వేరే లైను మీద ఉండటం వల్ల అది నడుస్తూనే ఉంది, ఆ వేడి హాలులోకి పోయి నీళ్లు చల్లబడ్డాయి. అంత రాత్రివేళ, అంత చలిలో, కంగారు పడకుండా ఆ పని చేసిన ఇద్దరికీ సంఘం తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ వచ్చి ప్యానెల్ విప్పి చూస్తే కారణం తెలిసింది. తొట్టి గోడకు ఒక చిన్న గొట్టం బిగించి ఉంటుంది, వేడిని కొలిచే సెన్సర్ దాని అడుగుదాకా లోపల కూర్చోవాలి. మన సెన్సర్ సగం బయటికి జారి, బయటి చలిని కూడా కలిపి కొలుస్తోంది. నీళ్లు ఇంకా వేడెక్కలేదనుకుని ప్యానెల్ బ్లోవర్‌ను ఆపలేదు. ఎక్కువ వేడికి మోగాల్సిన అలారం కూడా అదే సెన్సర్ మీద ఆధారపడింది కాబట్టి మోగలేదు. మన సంఘంలో లెక్కలు రాసేవారు ఒకరు, ఆడిట్ చేసేవారు మరొకరు. ప్యానెల్‌లో రెండు పనులూ ఒకరి చేతిలోనే ఉన్నాయన్నమాట. ఇవి కాక, చిట్టెలుకలు కొరికిన వైర్లు, తేమకు పచ్చబారిన టెర్మినల్స్, మసి జిగురు పట్టి పూర్తిగా మూసుకోని గాలి తలుపు కూడా బయటపడ్డాయి.

అందుకే పాత ప్యానెల్‌కు అతుకులు వేయకుండా లోపలి భాగాలు మార్చాలని కార్యవర్గం నిర్ణయించింది. కొత్త డిజిటల్ కంట్రోలర్ వచ్చింది. దానికి సంబంధం లేకుండా సొంత సెన్సర్‌తో హై లిమిట్ స్విచ్ ఒకటి పెట్టించాం. నీళ్లు 200 డిగ్రీలు దాటితే అది బ్లోవర్‌కు, గాలి తలుపుకు వెళ్లే కరెంటును నేరుగా తెంచేస్తుంది. తర్వాత మనిషి వచ్చి చేత్తో బటన్ నొక్కితే తప్ప మళ్లీ నడవదు. ఇది ఇబ్బంది అని కొందరు అన్నారు. నా అభిప్రాయం వేరు. అంత వేడి ఎందుకు ఎక్కిందో ఒక మనిషి వచ్చి చూడకుండా మంట మళ్లీ రాజుకోకూడదు. సెన్సర్లకు వేడి అందించే పేస్టు పూసి, క్లిప్పులతో బిగించారు. వైర్లు దూరే రంధ్రాలన్నీ మూసేశారు. గాలి తలుపును సభ్యులే గీకి శుభ్రం చేశారు.

అంతా ఫోన్ నుంచే నడిపే ప్యానెల్ పెట్టమని యువ సభ్యులు గట్టిగా అడిగారు. దాని మీద మంచి చర్చే జరిగింది. చివరికి ఫోన్‌కు హెచ్చరిక మెసేజ్ వచ్చే ఏర్పాటు వరకే చేశాం. నీళ్లు 150 కిందకు పడినా, 195 దాటినా డ్యూటీలో ఉన్నవారికి మెసేజ్ వస్తుంది. సెట్టింగులు మార్చాలంటే మాత్రం ప్యానెల్ దగ్గరికే రావాలి. పొయ్యి తలుపు తెరిచి ఒకరు కట్టెలు వేస్తున్నప్పుడు ఇంకొకరు ఎక్కడో ఇంట్లో కూర్చుని బ్లోవర్ ఆన్ చేసే అవకాశం ఉండకూడదు.

మరిగి ఆవిరైపోయిన నీళ్ల స్థానంలో కొత్త నీళ్లు పోశాం. కొత్త నీళ్లతో వచ్చే ఆక్సిజన్ తొట్టికి తుప్పు పట్టించొచ్చు. అందుకే నీళ్లు పరీక్షించి, తుప్పు పట్టకుండా వేసే మందు మళ్లీ సరిపడా కలిపాం. తుప్పు పట్టి తొట్టి కారడం మొదలైతే ఎంత మంచి ప్యానెల్ ఉన్నా ఉపయోగం లేదు.

పాతది తీసేసి కొత్త ఫర్నేసే కొందామా అని సర్వసభ్య సమావేశంలో అడిగారు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2015లో తెచ్చిన నిబంధనల రెండో దశ 2020 మే నుంచి అమల్లో ఉంది. కొత్తగా అమ్మే ఫర్నేస్‌లు ఆ నిబంధనలు పెట్టిన పరిమితికి మించి పొగ కణాలు వదలకూడదు. ఆ ఫెడరల్ నిబంధన ముందే వాడుకలో ఉన్నవాటిని తీసేయమనదు. కాబట్టి ఇప్పటికి మనది ఉంచుకుందాం. కానీ పొగ పక్క ఇళ్లవాళ్లకు ఇబ్బందే. ఆ బాధ్యత మనది. బాగా ఎండిన కట్టెలే వేయాలి, తేమ 20 శాతం లోపు ఉండేలా మీటరుతో చూడాలి. ఓక్ ఎండడానికి రెండేళ్లు పడుతుంది. ఎమరాల్డ్ ఆష్ బోరర్ పురుగు చంపిన ఆష్ చెట్లు మన చుట్టూ చాలా ఉన్నాయి, ఆ కట్టె త్వరగా ఎండుతుంది. అయితే దాన్ని దూరం నుంచి తేవద్దు, పురుగూ కట్టెతోపాటే వస్తుంది.

ఇన్నాళ్లూ ఈ ప్యానెల్ సంగతి ఒకరిద్దరు పెద్దలకే తెలుసు. ఇకపై కట్టెలు వేసే ప్రతి సభ్యుడూ, ప్రతి సభ్యురాలూ దాన్ని చదవగలగాలి. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసిన సూచనల కాగితం ప్యానెల్ తలుపు లోపల అతికించాం. తొట్టి మీద మామూలు ముల్లు థర్మామీటర్ కూడా ఉంది. వెళ్లిన ప్రతిసారీ ప్యానెల్ మీది అంకె, థర్మామీటర్ అంకె పోల్చి పుస్తకంలో రాయండి. పది డిగ్రీలకు మించి తేడా ఉంటే కట్టెలు వేయకుండా ముందు నాకు ఫోన్ చేయండి. అదనపు సెన్సర్, రిలే, ఫ్యూజులు హాలు స్టోర్ రూమ్‌లో ఉన్నాయి.

ఒక పని మిగిలింది. కరెంటు పోతే గాలి తలుపు దానంతట అదే మూసుకుంటుంది కానీ పంపు కూడా ఆగిపోతుంది. పంపు కోసం ఇన్వర్టర్, బ్యాటరీ పెట్టే ప్రతిపాదన వచ్చే సమావేశంలో ఓటుకు వస్తుంది. కట్టెలు చీల్చడం మే నెలలో మొదలుపెడతాం. స్ప్లిటర్ ఉన్నవాళ్లు ముందే చెబితే రోజులు ఖరారు చేస్తాను.

ఇట్లు,
కార్యదర్శి