పాత కాంబినేషన్ గన్‌లో తూటా పెట్టే ముందు కొలత చూడండి

సంపాదకుల గారికి,

ఎన్నికల వేళ ఠాణాలోనో డీలరు దగ్గరో అప్పగించిన లైసెన్సు తుపాకీ ఇంటికి తిరిగి రాగానే, ‘పనిచేస్తోందో లేదో ఒకసారి పేల్చి చూద్దాం’ అనుకునేవాళ్లుంటారు. మామూలు 12 బోరు తుపాకీకే అది మంచి ఆలోచన కాదు. తాతల నాటి జర్మన్ కాంబినేషన్ గన్ అయితే అసలు వద్దు. ఇందులో రవ్వలు (చిన్న సీసపు గుళ్లు) పేల్చే గొట్టం, రైఫిల్ గొట్టం ఒకే తుపాకీకి ఉంటాయి. మూడు గొట్టాలుంటే డ్రిల్లింగ్ అంటారు. చెన్నైలో ఇలాంటిది వారసత్వంగా వచ్చిన తెలుగు కుటుంబాల కోసం ఈ ఉత్తరం.

గొట్టాల మీది పట్టీపై మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్ పేరు కనిపిస్తే, అది అమ్మిన అంగడి పేరు మాత్రమే. తుపాకీ ఏ ఒత్తిడికి నిలిచిందో చెప్పేవి గొట్టాలు విప్పితే అడుగున కనిపించే ముద్రలు. పాత జర్మన్ తుపాకీ మీద కిరీటం కింద ఎన్ అక్షరం ఉంటే పొగలేని మందుతో, అంటే ఈనాటి తూటాల్లో వాడే మందుతో, పరీక్షించారని అర్థం. 1940 తర్వాతి వాటి మీద కిరీటం బదులు గద్ద ఉంటుంది. ఆ ఎన్ లేకపోతే ఈనాటి తూటా దానికి పనికిరాదనే అనుకోవాలి.

రవ్వల గొట్టంలో ఒక మోసం ఉంది. పాత 16 బోరు గదులు (గొట్టంలో తూటా కూర్చునే చోటు) చాలావరకు 65 మిల్లీమీటర్లవి. ఇప్పుడు దొరికే తూటా 70. పెట్టెలో ఉన్నప్పుడు మూతి మడిచి ఉంటుంది కాబట్టి దాని పొడవు 60 మిల్లీమీటర్లలోపే. గదిలోకి సాఫీగా దిగుతుంది, తుపాకీ చక్కగా మూసుకుంటుంది. పేలినప్పుడు ఆ మడత విప్పుకుని గది ముందున్న ఇరుకులోకి చొచ్చుకుపోతుంది, దారి సన్నబడుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. ‘తూటా పట్టింది కదా’ అన్న మాట ఇక్కడ చెల్లదు.

రైఫిల్ గొట్టం సంగతి ఇంకా సున్నితం. 8×57 అనే తూటా కొలతలో పాత ఐఆర్ రకానికి గాడి వ్యాసం (గొట్టం లోపల చెక్కిన మెలిక గాడుల మధ్య కొలత) దాదాపు 8.07 మిల్లీమీటర్లు, తర్వాత వచ్చిన ఐఆర్ఎస్ తూటా గుండు 8.20. తేడా 0.13 మిల్లీమీటరే, కానీ లావైన ఆ గుండు ఇరుకు గొట్టంలోంచి పిండుకుంటూ పోవాలి, ఒత్తిడి పెరుగుతుంది. 9.3×72ఆర్ అనే మరో పాత తూటా కొలతలోనైతే గాడి కొలత తుపాకీ తుపాకీకీ మారుతుంది. కాబట్టి లైసెన్సున్న గన్‌స్మిత్ చేత సీసం నమూనా తీయించాలి. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, గొట్టానికి నూనె రాసి, గొట్టం కంటే కాస్త లావైన మెత్తని సీసపు ముక్కను మూతి నుంచి ఇత్తడి కడ్డీతో నెట్టి, బయటికొచ్చాక మైక్రోమీటరుతో గాడుల మీద కొలుస్తారు. ఇనుప కడ్డీ వాడనివ్వకండి, గాడులు చెడతాయి. గాడులు బేసి సంఖ్యలో ఉంటే మామూలు మైక్రోమీటరు కొలత తక్కువ చూపుతుంది. సీసం బిగువుగా నడుస్తూ ఒకచోట హఠాత్తుగా వదులైతే, అక్కడ గొట్టం లోపల ఉబ్బి ఉంది. ఆ తుపాకీని ఇక గోడకే పరిమితం చేయాలి.

గొట్టాలను విడిగా ఒక కొక్కేనికి వేలాడదీసి చెక్క పెన్సిలుతో తట్టించండి. గంటలా మోగితే అతుకులు గట్టివి; చిల్లపెంకులా జరజరమంటే పట్టీ కింద మెత్తని అతుకు ఊడుతోంది. మెరుగు కోసం వేడి క్షారంలో నల్లరంగు వేయిస్తే ఆ అతుకే కరిగి పోతుంది.

డ్రిల్లింగ్‌లో మరో ప్రమాదం. వెనుకనున్న చిన్న మీటను ముందుకు జరిపితే ముందు ట్రిగ్గరు రవ్వల గొట్టం నుంచి రైఫిల్‌కు మారుతుంది. చాలా వాటిలో గురిపలక కూడా పైకి లేస్తుంది. తెలియనివాళ్లు దాన్ని సేఫ్టీ అనుకుంటారు.

ఇక సరైన తూటా దొరక్క, ‘సీసం కరిగించి మనమే పోసుకుందాం’ అనే సలహా. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. 2019 సవరణ తర్వాత శిక్ష 7 ఏళ్లకు తగ్గదు. చట్టం సరే, పని కూడా అంత తేలిక కాదు. బ్లాక్ పౌడర్ (పొగవచ్చే పాత నల్లమందు) కాలం నాటి పొడవాటి గుల్లలో పొగలేని మందు అడుగున కొద్దిగా మాత్రమే పడుతుంది. పొరపాటున రెండోసారి పోసినా గుల్ల నిండదు, కంటికి తెలియదు. బ్లాక్ పౌడర్ బదులు పొగలేని మందు అదే తూకంలో వేస్తే గొట్టం చీలవచ్చు. ఇలా తయారుచేసుకోవడం చట్టబద్ధమైన దేశాల్లో కూడా తెలిసినవాళ్లు ముందు గొట్టం కొలిచి, ఆ మందు తయారీదారు అచ్చువేసిన పట్టిక చూసే మందు తూస్తారు.

అధికారులకు ఒక విన్నపం. లైసెన్సులో ‘16 బోరు’ అని ఒకే గొట్టం రాసి ఉంటే రెండో గొట్టం లెక్కలోకే రాదు. పునరుద్ధరణ సమయంలో కాంబినేషన్ గన్‌ల ప్రతి గొట్టానికీ బోరు, గది పొడవు, గాడి వ్యాసం, పరీక్ష ముద్ర నమోదు చేయించండి. యజమాని చనిపోయి, వారసులకు ఇంకా లైసెన్సు రాకపోతే తుపాకీని అల్మరాలో దాచకుండా ఠాణాలోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి. ఆ రసీదు మీద కూడా రెండు బోర్లూ రాయించుకోండి.

— ఒక లైసెన్సుదారు, మైలాపూర్, చెన్నై